ఓడ ఆగింది – అప్పు ఆగిందా?

"నిషేధం" అనే మాటకి మన సభల్లోనూ పత్రికల్లోనూ గొప్ప గౌరవం వుంది. ఎక్కడైనా చెడు కనబడితే చాలు, వెంటనే నిషేధించాలని తీర్మానం చేస్తాం, చప్పట్లు కొడతాం, ఇళ్ళకి పోతాం. ఆ తీర్మానం అమలయిన మర్నాడు ఎవరింట పొయ్యి వెలగలేదో చూసివచ్చే ఓపిక మాత్రం మనలో తక్కువ మందికే వుంటుంది. ఈ వ్యాసంలో నేను ఎత్తుకున్నది అటువంటి ఒక నిషేధాన్ని గురించే. ప్రాణంతో వున్న పశువుల్ని, గొర్రెల్ని, మేకల్ని ఓడలెక్కించి పరదేశాలకు అమ్మరాదనో, పరదేశాల నుంచి కొనరాదనో ప్రభుత్వాలు పెట్టే ఆంక్ష అది.

ముందే ఒక మాట. నిషేధాలన్నీ తప్పని నేను వాదించబోవడం లేదు. మూగజీవాల బాధ బాధ కాదనీ అనబోవడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: సమాజం తన మనశ్శాంతి కోసమో, తన ఆరోగ్యం కోసమో ఒక వ్యాపారాన్ని ఆపుకోదలిస్తే ఆపుకోవచ్చు, కాని దాని ఖర్చు కూడా సమాజమే భరించాలి. పశువుల కాపరి నెత్తిన ఆ బిల్లు పడేసి, పుణ్యం మాత్రం మనం పంచుకోవడం న్యాయం కాదు.

అర్థశాస్త్రం క్లాసులో ఎగుమతి నిషేధం అంటే బల్ల మీద రెండు గీతలు గీసి చెప్పేస్తారు. ఎగుమతి ఆగితే సరుకు దేశంలో మిగులుతుంది, ధర పడిపోతుంది, కొనేవాడు లాభపడతాడు, అమ్మేవాడు నష్టపోతాడు. పరీక్షకి ఇది చాలు. కాని ఆ గీతల్లో దొరకని విషయం ఒకటి వుంది. బియ్యం బస్తా గోడౌన్లో పడి వుంటే అది మనల్ని అన్నం అడగదు. పశువు అడుగుతుంది. అమ్ముడుపోని పశువు ప్రతి పూటా మేస్తుంది, నీళ్ళు తాగుతుంది, జబ్బు పడుతుంది, ఈనుతుంది, ముసలిదవుతుంది. బస్తాని ఆపవచ్చు, పశువుని ఆపలేం.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక రైతు పశువుని పదివేలకు అమ్మాలనుకున్నాడు. ఆ రోజే ఎగుమతి ఆగింది. రెండు నెలలు ఆగుదామన్నాడు. రోజుకి నలభై రూపాయల మేత వేసుకున్నా అరవై రోజులకి రెండువేల నాలుగువందలు. ఈలోగా అందరి పశువులూ ఒక్కసారే సంతకి వచ్చి ధర ఎనిమిదివేలకి దిగింది. చివరికి చేతిలో మిగిలింది ఐదువేల ఆరువందలు. ధర పడింది ఇరవై పాళ్ళే. రైతుకు తగిలిన దెబ్బ మాత్రం నలభై నాలుగు పాళ్ళు. అప్పుమీద వడ్డీ ఇంకా కలపనేలేదు. పేపర్లో మాత్రం ధర ఇరవై శాతం తగ్గిందనే వస్తుంది!

ఇది ఊహాలెక్క. నిజంగా జరిగిన కథ ఒకటి చూద్దాం.

ఆస్ట్రేలియా ఉత్తరభాగం ఎండ దేశం. అక్కడ వ్యవసాయం అంటే పశువుల పెంపకమే. ఒక్కొక్క పశుక్షేత్రం మన తాలూకా అంత వుంటుంది. ఆ ఎండకి, ఆ గోమార్లకి తట్టుకునే జాతి బ్రాహ్మణ్ జాతి. ఈ జాతి అమెరికాలో తయారైంది. దాని మూలం మాత్రం మనదేశపు పశువులు. గిర్, కాంక్రేజ్‌లతో బాటు మన ఒంగోలు రక్తం కూడా అందులో వుంది. ఈ పశువుల్ని కొనేది పక్కనే వున్న ఇండొనేషియా. అక్కడి జావా, సుంబా దీవుల్లో రైతులు పెంచే పశువుల పేరేమిటో తెలుసా? పెరానాకన్ ఒంగోలె, సుంబా ఒంగోలె! ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో డచ్చివారు మన ఒంగోలు గిత్తల్ని అక్కడికి తోలుకుపోయారు. కాబట్టి అమ్మేవాడి దొడ్లోనూ కొనేవాడి దొడ్లోనూ మన ప్రకాశం, గుంటూరు సీమల ఛాయ వుంది. ఈ కథ మనకి అంత దూరపు కథేమీ కాదు.

2011 మే 30న ఆస్ట్రేలియా టెలివిజన్లో ఒక కార్యక్రమం ప్రసారమైంది. ఇండొనేషియాలోని కొన్ని కబేళాల్లో ఆస్ట్రేలియా పశువుల్ని ఎంత క్రూరంగా చంపుతున్నారో అందులో చూపించారు. చూసినవాళ్ళు తట్టుకోలేకపోయారు. దేశమంతా గగ్గోలు. సరిగ్గా వారం పది రోజుల్లో, జూన్ 7న, ఇండొనేషియాకి పశువుల ఎగుమతి మొత్తాన్ని నిలిపివేస్తూ వ్యవసాయమంత్రి ఉత్తర్వు ఇచ్చాడు.

ఆ ఉత్తర్వు వచ్చిన వేళ చూడండి. ఉత్తరాన వర్షాకాలంలో దారులు మునిగిపోతాయి కాబట్టి పశువుల్ని కూడగట్టి రేవుకి తోలడం ఎండు నెలల్లోనే జరగాలి. జూన్ అంటే ఆ పనికి నడిమధ్య. పశువులు దొడ్లకి చేరి వున్నాయి. లారీలు మాట్లాడుకుని వున్నాయి. బ్యాంకు వాయిదాలు ఆ అమ్మకం మీదే పెట్టుకుని వున్నారు. ఇంకో చిక్కు కూడా వుంది. ఇండొనేషియా వాళ్ళు అప్పట్లో 350 కిలోలు దాటిన పశువుని దిగుమతి చేసుకోనిచ్చేవారు కాదు. లేతవాటిని తెచ్చుకుని కొన్ని నెలలు తమ దగ్గర మేపుకుంటారు. అంటే ఉత్తరాన ఆగిపోయిన పశువు మేసిమేసి బలిసిన కొద్దీ ధర పెరగవలసింది పోయి, అసలు ఆ బజారుకే పనికిరాకుండా పోయింది! పోనీ దక్షిణాదికి తోలుదామంటే వేల కిలోమీటర్ల లారీ కిరాయి. తోలినా అక్కడి బజారు ఇన్ని పశువుల్ని ఒక్కసారి మింగలేదు.

నెల రోజులకే, జూలై 6న, నిషేధం ఎత్తేశారు. నెలే కదా అనవచ్చు. కాని ఆ నెలలో తెగిన దారం తరవాత ఏళ్ళపాటు అతకలేదు. తమ తిండి పక్కదేశం చేతిలో పెట్టడం ఎంత ప్రమాదమో ఇండొనేషియా ప్రభుత్వానికి తెలిసివచ్చింది. స్వయంసమృద్ధి పేరుతో దిగుమతి కోటాలు అప్పటికే తగ్గిస్తున్న ఆ దేశం వాటిని ఇంకా గట్టిగా బిగించింది. 2009లో ఏడున్నర లక్షలు దాటిన పశువుల ఎగుమతి 2012కి మూడు లక్షల లోపుకి పడిపోయింది. ఆ తగ్గుదల అంతా ఒక్క ఉత్తర్వు వల్లనే అనను. కాని నమ్మకం పోయిన బజారు ఎలా కుదించుకుపోతుందో దీన్నిబట్టి తెలుస్తోంది. అటుపక్క కోటాలు బిగిసేసరికి జకార్తాలో మాంసం ధర మండిపోయింది. పశువు పెంచినవాడూ ఏడ్చాడు, మాంసం కొన్నవాడూ ఏడ్చాడు.

నష్టం ఒక్క పశువుల ఆసామికే ఆగిందా? ఆగలేదు. పశువుల్ని కూడగట్టే కూలీలు, ఆ పనికే హెలికాప్టర్లు నడిపేవాళ్ళు, లారీలవాళ్ళు, ఎండుగడ్డి పండించి అమ్మేవాళ్ళు, పల్లెలో కొట్టు పెట్టుకున్నవాళ్ళు, సొంత పశుక్షేత్రాలు నడుపుకుంటున్న ఆదివాసులు, అందరూ వరసగా దెబ్బతిన్నారు. వీళ్ళలో ఎవడూ కబేళాలో కత్తి పట్టలేదు. తప్పు చేసింది ఎవరో, దండుగ కట్టింది ఎవరో!

ఈ మాట నా ఒక్కడిదే కాదు. కొందరు రైతులు, వ్యాపారులు కోర్టుకెళ్ళారు. తొమ్మిదేళ్ళు గడిచాక, 2020 జూన్ 2న, ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ రెండో ఉత్తర్వు చెల్లదనీ, మంత్రి తన అధికారాన్ని దుర్వినియోగం చేశాడనీ న్యాయమూర్తి రేర్స్ తేల్చాడు. ఆ తీర్పులోని కీలకం మనం గుర్తుపెట్టుకోదగింది. పశువుని సరైన పద్ధతిలో చూసుకునే కబేళాలు ఇండొనేషియాలో కొన్ని వుండనే వున్నాయి. వాటికి మాత్రమే పంపుతామని రుజువు చూపగలవాళ్ళకైనా మినహాయింపు ఇవ్వాల్సింది. అది లేకుండా మంచివాడినీ చెడ్డవాడినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. వ్యాజ్యం నడిపిన బ్రెట్ పశువుల కంపెనీకి దాదాపు 29 లక్షల డాలర్ల పరిహారం వచ్చింది. మిగతా వందలమంది పరిహారం లెక్కలు మాత్రం తీర్పు తరవాత కూడా ఏళ్ళ తరబడి నడిచాయి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక్కడ ఒక మిత్రుడు లేచి, "మరి ఆ పశువుల గతేమిటి? రైతు నష్టం పేరుతో క్రూరత్వాన్ని సాగనివ్వాలా?" అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆ దృశ్యాలు అబద్ధం కాదు. అవి బయటపడకపోతే ఏ మార్పూ వచ్చేది కాదు. నిషేధం ఎత్తేశాక పెట్టిన కొత్త పద్ధతి ప్రకారం, ఎగుమతి చేసేవాడు తన పశువు ఏ దొడ్డికి, ఏ కబేళాకి పోతోందో చివరిదాకా లెక్క చూపాలి. ఇది మంచి పద్ధతే. నా ప్రశ్నల్లా ఇదీ: ఈ పద్ధతిని మంచి కబేళాలతోనే మొదలుపెట్టి, మిగతా వాటిని దారికి తెచ్చి వుంటే, ఆ నెల రోజుల ముంపు తప్పేది కాదా? పశువు మీద దయ చూపడానికి రైతు మీద నిర్దయ అవసరమా?

ఇప్పుడు సముద్రం దాటి ఆఫ్రికా కొమ్ముకి వెళదాం. అక్కడ కథ తలకిందులు. అమ్మేవాడు కాదు, కొనేవాడే నిషేధం పెట్టాడు.

సొమాలియాలో గొర్రె, మేక, ఒంటె అంటే ఆస్తి మాత్రమే కాదు. బ్యాంకు, భీమా, కూతురి పెళ్ళి, ముసలితనపు పింఛను, అన్నీ అవే. మేకని అమ్మి బియ్యం, పిండి, పంచదార తెచ్చుకుంటారు. కొనే పెద్ద ఆసామి సౌదీ అరేబియా. ముఖ్యంగా హజ్ రోజుల్లో బెర్బెరా, బొసాసో రేవుల నుంచి లక్షలాది జీవాలు ఓడలెక్కుతాయి. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడే మనిషిని అక్కడ "దిలాల్" అంటారు. మన "దళారి", వాళ్ళ "దిలాల్" ఒకే అరబ్బీ మాటకి పిల్లలు. మాటే కాదు, మనిషి తీరు కూడా అక్కడా ఇక్కడా ఒకటే.

1997–98లో తూర్పు ఆఫ్రికాలో కుంభవృష్టి కురిసి, దోమల వల్ల రిఫ్ట్ వ్యాలీ జ్వరం చెలరేగింది. పశువుకీ మనిషికీ కూడా వచ్చే జబ్బు అది. 1998లో సౌదీ తలుపులు మూసింది. మరుసటి ఏడు తెరిచింది. 2000లో ఆ జబ్బు సౌదీలోనూ యెమెన్‌లోనూ పొడసూపింది. వందమందికి పైగా చనిపోయారు. మళ్ళీ తలుపు మూత. మిగతా గల్ఫ్ దేశాలు కొన్ని తొందరగానే సడలించినా, సౌదీ ద్వారం తెరుచుకునేసరికి 2009 వచ్చింది. తొమ్మిదేళ్ళు!

తన ప్రజల ప్రాణాలు కాపాడుకోవడం సౌదీ హక్కు. దాన్ని ఎవరూ కాదనలేరు. కాని జబ్బు లేదని రుజువు చేసుకునే దారి సొమాలీ కాపరికి వుందా? 1991లో అక్కడ కేంద్రప్రభుత్వమే కూలిపోయింది. బెర్బెరా వున్న సొమాలిలాండ్ తనని తాను స్వతంత్రదేశంగా ప్రకటించుకుంది గాని, నిషేధం నడిచిన ఆ ఏళ్ళలో ఏ దేశమూ గుర్తించలేదు. గుర్తింపు లేని దేశపు పశువైద్యుడు సంతకం పెట్టిన కాగితాన్ని ఎవరు చూస్తారు? మేక ఆరోగ్యంగానే వుంది, కాగితానికే జబ్బు! చివరికి 2006లో పక్కనున్న జిబూటిలో క్వారంటీన్ కేంద్రం పెట్టి, జీవాల్ని అక్కడ వుంచి, పరీక్ష చేసి పంపే ఏర్పాటు మొదలయ్యాక దారి మెల్లిగా తెరుచుకుంది. 2014 నాటికి సొమాలియా నుంచి ఏడాదికి 50 లక్షల జీవాలు ఎగుమతి కాగలిగాయి. అంటే కాపరులు చేతగానివాళ్ళు కారు, జీవాలు పనికిరానివీ కావు. మధ్యలో లేనిది పరీక్ష చేసే వ్యవస్థ ఒక్కటే. 2016 డిసెంబరులో సౌదీ మళ్ళీ ఆపింది. సరిగ్గా అదే సమయంలో ఆ దేశాన్ని ఘోరమైన కరవు పట్టుకుంది. మేత లేనప్పుడే కదా కాపరి నాలుగు జీవాల్ని అమ్మి మిగతావాటిని బతికించుకోవాలి! అప్పుడే గుమ్మం మూసుకుపోయింది.

ఈ రెండు కథల్లో ఒక దేశం సంపన్నం, మరొకటి నిరుపేద. ఆస్ట్రేలియా రైతుకి కోర్టు వుంది, వకీలు వున్నాడు, ఓటు వుంది. తొమ్మిదేళ్ళకైనా తీర్పు వచ్చింది. సొమాలీ కాపరి ఏ కోర్టుకి పోతాడు? ఎవరిమీద దావా వేస్తాడు? అందుకే అంటున్నాను, నిషేధం బరువు అందరికీ సమానంగా పడదు. ఎవడి గొంతు సన్నగా వుంటుందో వాడి మెడ మీదే పడుతుంది.

"ప్రాణంతో పంపడం దేనికి, దేశంలోనే కోసి మాంసం పంపవచ్చు కదా, నాలుగు ఉద్యోగాలు కూడా వస్తాయి" అని ఒక సలహా తరచు వినబడుతుంది. వినడానికి బాగుంది. కాని మాంసం పంపాలంటే కరెంటు కావాలి, శీతల గిడ్డంగులు కావాలి, ఏడాది పొడుగునా పశువు దొరకాలి, కూలీ గిట్టాలి, కొనేవాడు చల్లబెట్టిన మాంసం తినడానికి ఇష్టపడాలి. 2014లో డార్విన్ దగ్గర ఒక పెద్ద కంపెనీ కోట్ల డాలర్లతో కబేళా తెరిచింది. ఖర్చులు గిట్టక 2018లో మూసేసింది. డబ్బున్న కంపెనీ చేయలేనిది ఇసుకలో మేకలు కాసుకునేవాడు రాత్రికి రాత్రి ఎలా చేస్తాడు?

మరి నిషేధం న్యాయంగా పెట్టే పద్ధతి ఏదైనా వుందా? కొంతవరకు వుంది. 2020 సెప్టెంబరులో న్యూజీలాండ్ నుంచి చైనాకి దాదాపు ఆరువేల పశువుల్ని తీసుకుపోతున్న ఓడ తుపానులో మునిగింది. 43 మంది సిబ్బందిలో ఇద్దరే బతికారు. న్యూజీలాండ్ సముద్రమార్గాన పశువుల ఎగుమతి మానేయాలని నిర్ణయించింది. కాని మర్నాడే తలుపు మూయలేదు. 2021లో ప్రకటించి, రెండేళ్ళు గడువిచ్చి, 2023 ఏప్రిల్ 30 నుంచి అమలుపెట్టింది. ఆస్ట్రేలియా కూడా పాఠం కొంత నేర్చుకుంది. 2017లో ఒక ఓడలో వేడికి తాళలేక రెండువేలకి పైగా గొర్రెలు చనిపోయిన తరవాత గొర్రెల ఎగుమతి మీద వ్యతిరేకత పెరిగింది. 2024లో చట్టం చేసి, 2028 మే 1 నుంచి ఓడల మీద గొర్రెల ఎగుమతి వుండదని చెప్పారు. రైతులు వేరే దారి చూసుకోవడానికి మొదట 10 కోట్ల 70 లక్షల డాలర్లు, తరవాత ఇంకొంత కలిపి దాదాపు 14 కోట్ల డాలర్లు కేటాయించారు. అయినా పశ్చిమ ఆస్ట్రేలియా గొర్రెల రైతులు ఊరుకోలేదు, రోడ్డెక్కారు. ఆ డబ్బు చాలదనీ, తమ ఊళ్ళు ఖాళీ అవుతాయనీ వాళ్ళ వాదం. వాళ్ళ వాదంలో పస ఎంతో ఎవరికి వారు తేల్చుకోవచ్చు. కాని 2011కీ దీనికీ తేడా చూడండి. అక్కడ రైతుకి పిడుగు పడ్డాక తెలిసింది. ఇక్కడ మబ్బు పట్టినప్పుడే చెప్పారు.

ఇక మన గుమ్మంలోకి వద్దాం. మన పల్లెల్లో పాడి గేదె లెక్క అందరికీ తెలిసిందే. వట్టిపోయిన గేదెని సంతలో అమ్మి, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి పాలిచ్చే గేదెని తెచ్చుకుంటాడు రైతు. పాత గేదెకి వచ్చే ఆ చివరి ధరే కొత్త గేదెకి పెట్టుబడి. మనదేశం నుంచి ఆవు, ఎద్దు మాంసం ఎగుమతికి అనుమతి లేదు. పోయేది గేదె మాంసం, అందులో ప్రపంచంలోని పెద్ద ఎగుమతిదారుల్లో మనం ఒకరం. కాబట్టి ఎక్కడో రేవులో జరిగే వ్యాపారానికీ మన సంతలో కట్టిన గేదె ధరకీ మధ్య కంటికి కనబడని పలుపుతాడు ఒకటి వుంది. 2017 మే నెలలో కేంద్రప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చింది. పశువుల సంతలో కోతకోసం అమ్మడం, కొనడం కూడదంది. అందులో గేదెలూ వున్నాయి. ఎగుమతి మాట ఆ నిబంధనల్లో లేదు గాని, పలుపుతాడు మధ్యలో తెంపితే ఫలితం అదే. ఆ నెలాఖరులోనే మద్రాసు హైకోర్టు నిలుపుదల ఇచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. ఆ తరవాత 2023 జూన్‌లో, ప్రాణమున్న పశువుల ఎగుమతి దిగుమతుల మీద ఒక ముసాయిదా బిల్లు వచ్చింది. నిరసనలు రాగానే కొద్దిరోజుల్లోనే వెనక్కి పోయింది. బిల్లు మంచిదో చెడ్డదో అలా వుంచండి. ఈ రెండు సందర్భాల్లోనూ అనుకూలంగా, ప్రతికూలంగా పట్నంలో గొంతులు బాగానే లేచాయి. వర్షాలు లేక కర్నూలు నుంచో పాలమూరు నుంచో మందని తోలుకుపోయే గొర్రెల కాపరిని ఎవరైనా పిలిచి, "అన్నా, నీ మాటేమిటి?" అని అడిగారా? ఎద్దు పుండు కాకికి ముద్దా అని సామెత. పుండు పడ్డవాడి మాట వినకుండా మందు రాయడం మనకి అలవాటైపోయింది.

కాబట్టి నా ప్రతిపాదన నాలుగు మాటల్లో చెబుతాను. ఒకటి, గడువు: పశువు ఒక ఈత ఈని, దూడ అమ్మకానికి వచ్చేంత కాలమైనా రైతుకి ఇవ్వాలి. రెండు, మినహాయింపు: సరిగా నడుచుకునేవాడికి దారి తెరిచి వుంచాలి. మూడు, పరిహారం: అది కోర్టు చుట్టూ తిరిగితే వచ్చేది కాకూడదు, చట్టంతో బాటే రావాలి, పశువుల ఆసామికే కాక లారీవాడికీ, కూలీకీ కూడా అందాలి. నాలుగు, సాక్ష్యం: జబ్బు కారణంగా ఆపితే, జబ్బు లేదని రుజువు చేసుకునే పరీక్షాకేంద్రాలు కూడా కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి కట్టాలి. ఈ నాలుగూ వున్న నిషేధాన్ని నేనూ సమర్థిస్తాను. ఇవి లేని నిషేధం ఎంత గొప్ప ఆశయంతో వచ్చినా, బలవంతుడు పుణ్యం కట్టుకోవడానికి బలహీనుడి జేబు కొట్టడమే.

మన కళాశాల నుంచి ఏటా ఎందరో బయటికి పోతున్నారు. కొందరు పశువైద్యులవుతారు, కొందరు బ్యాంకు ఆఫీసర్లు, కొందరు పత్రికల్లో రాస్తారు, ఒకరో ఇద్దరో ఉత్తర్వులు రాసే కుర్చీల్లో కూర్చుంటారు కూడా. మీ బల్ల మీదికి ఎప్పుడో ఒకనాడు ఇలాంటి కాగితం ఒకటి వస్తుంది. సంతకం పెట్టండి, పెట్టకపోండి, అది మీ ఇష్టం. పెట్టేముందు మాత్రం కింద ఒక చిన్న ప్రశ్న రాసి, జవాబు తెప్పించుకోండి: రేపు పొద్దున ఈ పశువుకి మేత ఎవరు వేస్తారు?